ఓబులేసు ఎద్దులు తేల్చిన పదేండ్ల ఫస్టు పాట

నవ్వబోమని మాటిస్తేనే చెప్తా. ఇచ్చినారా? సరే, టీ గ్లాసులు కింద పెట్టండి. మీద పోసుకుని మళ్లీ నన్నంటారు.

మొన్న ఆదివారం నేను వేముల దగ్గర ఒక పల్లెలో గడ్డివామి ఎక్కి కూర్చుని, గొంతెత్తి కచ్చేరి చేసినా! అబద్ధం కాదు, నరసింహసామి సాక్షి. కింద ఊరు ఊరంతా జనం. జనానికి ముందు, ఫస్టు వరసలో, రెండు ఎద్దులు. ఎద్దుల మెడ మీద కాడి, కాడికి గొలుసు, గొలుసుకు బండ. పాట ఆపితే నా ప్రాణానికి గ్యారంటీ లేదు. పుట్టి ఇన్నేండ్లకు నాకు దొరికిన సోలో ప్రోగ్రాం అది!

ఎట్ల దొరికిందంటే, మొదట్నుంచి రావల్ల.

ప్రొద్దుటూరులో నాది గుడ్డలంగడి. సుబ్బయ్య శెట్టి అంగడంటే బజారులో ఎవరైనా చూపిస్తారు, చూపించి నవ్వుతారు కూడా. ఎందుకంటే నాకు నలుగురి ముందర పాడడమంటే పిచ్చి. జాకెట్ పీసుకొచ్చిన ఆడకూతురికి కూడా ఒక పల్లవి వినిపించనిదే కత్తెర పట్టుకోను. పీసుకొచ్చినోళ్లు పల్లవితో బయటపడతారు. పెండ్లి చీరలకొచ్చినోళ్లు చరణాలు కూడా వినల్ల. భజన మండలిలో మాత్రం నా చోటు వెనక వరస. చేతిలో తాళాలు. మైకు ముందు వరసలోనే ఇట్నుంచటు, అట్నుంచిటు తిరుగుతాదేగానీ నా దాకా రాదు. అందరూ పిల్లల చదువులూ, ఆరోగ్యాలూ మొక్కుకుంటే నేను మొక్కుకునేది ఒకటే: "సామీ, ఒక్కసారి స్టేజీ. ఒక్క పాట."

ఆ సామే ఇచ్చినాడనుకున్నా, ఈ ఏడు.

తిరునాల కమిటీ ప్రెసిడెంటు నన్ను పిలిచి, "శెట్టీ, ఈసారి స్టేజీ మీద కొత్త ప్రోగ్రాం పెడ్తాండాం. ఈ పదేండ్లలో వచ్చిన పాటల్లో టాప్ టెన్. సినిమా పాటలొద్దు. విడిగా సింగిల్సని వదుల్తాండారే, అవి. మీ ముగ్గురికీ పాటల పిచ్చి గదా, యాది ఫస్టో మీరే తేల్చండి. ఫస్టొచ్చిన పాటను ఆ పాట తరఫున కొట్లాడినోళ్లే స్టేజీ ఎక్కి పాడల్ల," అన్నాడు.

నాకు ఆడనే కండ్లలో నీళ్లు తిరిగినాయి. అంగడికొచ్చి నాకు నేనే ఒక పట్టుపంచె తీసి పెట్టుకున్నా.

ముగ్గురంటే, నేనొకణ్ని. జమ్మలమడుగులో సౌండు బాక్సులు బాడుగకిచ్చే బాబావలి ఒకడు. వేముల కాడ ఓబులేసు ఒకడు. ఓబులేసు వాళ్ల నాయన గొర్రెలు కాసినాడు, ఈయన పులివెందుల మార్కెట్టుకు అరటికాయలు తోల్తాడు, కానీ ప్రాణమంతా బండలాగే ఎద్దుల మీదనే. ప్రతి తిరునాలలోనూ ఆయన ఎద్దులు బండ లాగల్ల, బాబావలి బాక్సులు మోగల్ల, నేను వెనక వరసలో తాళాలు కొట్టల్ల. అట్ల కలిసినాం. ఆదివారమొస్తే మా అంగడిలో తానుల మధ్య కూర్చుని పాటల మీద వాదులాడుకోకపోతే మాకు అన్నం సయించదు.

పదో పాట నుంచి నాలుగో పాట దాకా చిన్న చిన్న గొడవలతో తేలిపోయింది. ఒక పాట పెండ్లి ఊరేగింపుల్లో బాగా ఆడిందని, ఇంకోటి ఆటోవాళ్లందరి ఫోన్లలో రింగుటోనని, ఇంకోటి వింటే మా పక్కింటి బిడ్డ ఏడుపు ఆపుతుందని... ఏదో ఒక న్యాయం దొరికింది. పైన మూడే ముడిపడిపోయినాయి.

నాది "నరసింహా, గడప దాటి రా". ఏం పాటండీ! మొదట్లోనే "నరసింహా..." అని అంత పొడుగు తీస్తే సామి ఉగ్రమంతా దిగి పక్కన కూర్చున్నట్లుంటుంది. ఓబులేసుది "చెనిక్కాయ చేను కాడ". డప్పు, ఈల, మళ్లీ డప్పు. బాబావలిది "నన్ను బ్లాకు చేసినావే". ఫోన్లో నంబరు బ్లాకు చేసిన పిల్ల కోసం ఒకడు మొదట్నుంచి కడదాకా ఏడుస్తాడు.

"మామా, నీ పాటలో బేసు ల్యాదు," అంటాడు బాబావలి. "అంతంత బాక్సులు పెట్టుకొని నేనేం చేసుకోవల్ల? పావురాలకు గూళ్లు కట్టల్నా?"

"పాటంటే కండ్లెంబడి నీళ్లు రావల్లప్పా!"

"నా పాటకూ వస్తాండాయి గదా!"

"నీ పాటకు ఏడ్చేది పాడేటోడు. వినేటోడు కాదు!"

ఓబులేసు చెనిక్కాయలు ఒలుచుకుంటూ అడ్డమొస్తాడు. "ఏంది మీ గోల? ట్రాక్టరు నడిపేటప్పుడు ఇంజను సద్దులో గూడా వినపడల్ల. అది పాట. నా పాటకు వ్యూసు చూడు, శెట్టీ, వ్యూసు!"

"వ్యూసేందప్పా? మూసిన తలుపు ముందర దండం పెట్టుకునేటోడు గూడా భక్తుడే. లెక్కలోకి రాకుంటే భక్తి లేనట్లా?"

"తలుపు మూసినప్పుడు నువ్వెందుకు పోయినావు?"

ఇట్ల వారాలు గడిచినాయి. ఓట్లేద్దామంటే ముగ్గురు మనుషులు, మూడు పాటలు, ఎవరి ఓటు వాళ్లకే. మా ఆవిడ పద్మావతిని అడిగితే, "మూడూ ఆపేసే పాటేదన్నా ఉంటే దానికి వేస్తా," అనింది. కమిటీ నుంచి ఫోన్ల మీద ఫోన్లు. తేల్చకపోతే ప్రోగ్రామే ఎత్తేస్తామన్నారు. నా పట్టుపంచె బీరువాలోంచి నన్నే చూస్తాంది.

అప్పుడన్నాడండీ ఓబులేసు:

"మనుషుల చెవులు పార్టీ కట్టినాయి. ఎద్దులకు పార్టీ ల్యా. నా జతను కడతా. అదే బండ, అదే చేను. మూడు పాటలూ ఒకదాని తర్వాత ఒకటి ఎయ్యండి. యా పాటకు బండ శానా దూరం పోతే అది ఫస్టు."

మీకు నవ్వొస్తాంది. నాకు ఒళ్లు జలదరించింది! ఎద్దంటే ఎవరు? నందీశ్వరుడు. నందీశ్వరుడు తీర్పు చెప్తే సాక్షాత్తూ శివుడు చెప్పినట్లే గదా! నేను లేచి రెండు చేతులూ జోడించినా. బాబావలి మాత్రం, "బేసు ఎద్దులకు బాగా తగుల్తాది, సరే," అన్నాడు. ఎవరి లెక్క వాళ్లది.

ఇంటికొచ్చి పండుకుంటే నిద్ర పట్టలేదు. ఆ ఎద్దులు పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఓబులేసు పక్కన ఉండేవి. ఆయన చెనిక్కాయ పాట వినీ వినీ పెరిగినాయి. నా సామి పాట వాటి చెవినే పడలేదు. ఇది న్యాయమా? పరిచయం చెయ్యాల్సిన బాధ్యత నాది కాదా?

మర్నాటి నుంచి స్కూటరు మీద తెల్లారేసరికి ఓబులేసు కొట్టం కాడ ఉండేవాణ్ని. భుజానికి అంగడి సంచి. సంచిలో నానబెట్టిన ఉలవలు, బెల్లం.

"ఏంది శెట్టీ, పొద్దున్నే?" అన్నాడు ఓబులేసు.

"నందీశ్వరునికి మొక్కుండాది. నీ ఎద్దులకు దాణా పెడ్తా."

ఓబులేసు పొంగిపోయినాడు. "పుణ్యాత్ముడివి! పెట్టుకో, పెట్టుకో," అని అరటితోటకు పోయినాడు. నేను ఎద్దుల ముందు నిలబడి, సంచి విప్పకముందే, "నరసింహా..." అని పొడుగ్గా తీసేవాణ్ని. తీసినాక సంచి విప్పేవాణ్ని. రోజూ అదే వరస. మొదట్లో అవి నన్ను చూడనైనా లేదు. రానురాను "నర" అనేసరికి చెవులు లేచేవి. "సింహా" అనేసరికి మూతులు నా సంచిలో ఉండేవి. నాకు ఆనందబాష్పాలు! భక్తి కుదిరిందనుకున్నా. భక్తేనండీ అది. కాకపోతే ఉలవల మీద.

ఇంట్లో పద్మావతి, "ఏమండీ, ఉలవచారు పెడదామంటే డబ్బా ఖాళీ. ఇంట్లో ఉలవలు యాడికి పోతాండాయి?" అని ఒకటే పోరు. దైవకార్యమన్నా. ఇంక మాట్లాడలేదు. అలవాటైపోయింది పాపం.

తీర్పు రోజు రానే వచ్చింది. పట్టుపంచె కట్టుకున్నా.

"ఎద్దుల కాడికి పట్టుపంచె ఎందుకండీ?" అనింది పద్మావతి.

"ఈరోజు నా జాతకం మారుతుందే!" అన్నా. మారింది లెండి.

ఓబులేసు చేన్లో రెండు వైపులా సున్నం గీతలు. నడిమధ్య బండ. బాబావలి బాక్సులు పేర్చి, దూరంగా ఉన్న మోటారు షెడ్డు నుంచి చేను మీదుగా కరెంటు వైరు లాగినాడు. నేను ఎద్దులకు పసుపు కుంకం పెట్టి, టెంకాయ కొట్టి, బాక్సుల వెనక నిలబడినా. భుజానికి అదే సంచి. ఆరోజు సంచిలో ఉలవలు లేవు. సామి పటం ఉంది. అంతే. ఆ ముక్క బాగా గుర్తు పెట్టుకోండి.

మొదట ఓబులేసు పాట. డప్పు పడేసరికి ఎద్దులు మెడలు వంచి లాగినాయి. బాగానే లాగినాయి. మామూలుగా రోజూ చేసే పని చేసినట్లు లాగి, అలిసి నిలబడినాయి. గుర్తుకు ఒక రాయి పెట్టినారు.

ఎద్దులకు నీళ్లు తాపి, కాసేపు ఆపి, బండను మళ్లీ మొదటి చోటికే చేర్చి, బాబావలి పాట వేసినారు. బ్లాకు చేసినావే అని వాడు ఏడుస్తాంటే ఎద్దులు కదల్లేదు. ఎడమ పక్కది ఒకసారి తోక ఎత్తి, తన పని తాను కానిచ్చింది.

"ఇది లెక్కలోకి రాదు!" అన్నాడు బాబావలి.

"రానీలేప్పా, అభిప్రాయం చెప్పింది," అన్నాడు ఓబులేసు.

ఇంక నాది. బాబావలి ఫోన్లో నొక్కినాడు. "నరసింహా..." అని చేనంతా మోగింది. నేను కండ్లు మూసుకుని దండం పెట్టుకున్నా.

కండ్లు తెరిచేసరికి ఎద్దులు ఎదురుగా ఉండాయి.

ముందుకు పోవాల్సినవి ముందుకు పోలేదండీ! బండతో సహా గిర్రున తిరిగి, గీతలు దాటి, పాట వచ్చే దిక్కుకు, అంటే బాక్సుల మీదికి వస్తాండాయి. ఓబులేసు పగ్గం పట్టి లాగుతాంటే ఆ పగ్గం కాస్తా తెగి ఆయన చేతిలోనే ఉండిపాయ. బండ వచ్చి వచ్చి కరెంటు వైరు మీద ఎక్కింది. టప్పుమని శబ్దం. బాక్సులు మూగబోయినాయి.

పాట ఆగింది. ఎద్దులూ ఆగినాయి. అటూ ఇటూ చూసినాయి. ఆ పాటేది, ఆ దాణా ఏది అన్నట్లు. ఆ క్షణం నేను నోరు మూసుకోనుంటే కథ అయిపోయేది. ఇంటికొచ్చి అన్నం తినేవాణ్ని. కానీ అంత పెద్ద కొమ్ములు అంత దగ్గర్లో చూస్తే భయమెయ్యదా? భయమేస్తే నావంటి భక్తుడు ఏమంటాడు?

"నరసింహా!" అన్నా.

రెండు తలకాయలూ ఒక్కసారే నా దిక్కు తిరిగినాయి. నన్ను చూసినాయి. సంచిని చూసినాయి.

ఇంక పరుగు! పట్టుపంచె ఒక చేత్తో ఎగ్గట్టి, సంచి ఒక చేత్తో పట్టుకుని, చేనుకడ్డంబడి ఉరుకుతాండా. వెనక బండ సద్దు.

"శెట్టీ, సంచి పారెయ్!" అని అరిచినాడు ఓబులేసు.

"సామి పటముండాదప్పా!" అన్నా. ఎట్ల పారేస్తా? మీరైతే పారేస్తారా? "నరసింహా! నరసింహా!"

"మామా, ఈ టైములో పాటేంది మామా!" అని బాబావలి.

"పాడడం ల్యాదప్పా, మొక్కుకుంటాండా!"

"ఇంకో దేవుణ్ని మొక్కుకో శెట్టీ!" అని ఓబులేసు గొంతు చించుకున్నాడు. "ఆ పేరన్నప్పుడల్లా జోరు పెంచుతాండాయి!"

మంచి సలహానే. కానీ పుట్టినప్పట్నుంచి ఒకే పేరు పట్టుకున్న నోరిది. ఎంకటరమణా అందామని "ఎం" దాకా వచ్చినా. బయటికి మళ్లీ "నరసింహా!" అనే పడింది. ఎద్దులు ఇంకా జోరు. ఇన్నేండ్లూ పిలిస్తే పలకని సామి, ఆరోజు పిలిచిన ప్రతిసారీ ఎద్దుల్ని పంపించినాడు!

ఎదురుగా గడ్డివామి. ఎట్లెక్కినానో అడగొద్దండి. ఎక్కినా. పైకి పోయినాక కిందికి చూస్తే ఎద్దులు తలకాయలెత్తి నన్నే చూస్తాండాయి. నేను నోరు మూసుకున్నా. అవి వామిని కొమ్ములతో కుమ్మినాయి. వామి ఊగింది. నేను ఊగినా.

ఓబులేసు రొప్పుతా వచ్చి, "పాడు శెట్టీ!" అన్నాడు.

"వద్దన్నది నువ్వే గదప్పా?"

"ఉరికేటప్పుడు వద్దంటి! ఇప్పుడు పాడు. నువ్వు నోరు మూస్తేనే కుమ్ముతాండాయి. కాడి ఇడిపించేదాకా పాడు, నీకు పుణ్యముంటాది!"

పాడినా. పల్లవి అయింది. ఎద్దులు చెవులాడించుకుంటూ వామిలోంచి గడ్డి లాక్కుని తినడం మొదలుపెట్టినాయి. దాణా కాకుంటే గడ్డి, ఏదో ఒకటి దొరికింది గదా. కాడి మోకు బిగుసుకుపోయి ఓబులేసుకు ఎంతకూ ఊడి రావడంలేదు. ఈలోగా గొడవ విని పక్క చేన్లలో కలుపు తీసే ఆడోళ్లూ, అరటితోటల్లో మగోళ్లూ అందరూ వచ్చినారు. వామి చుట్టూ జనం! ఒక ముసలమ్మ పైకి చూసి దండం పెట్టింది. "ఎవురమ్మా ఆ సామి, పట్టుపంచెతో వామెక్కినాడు?" అని ఎవరో అడుగుతాంటే, "మొక్కంట," అని ఇంకెవరో చెప్తాండారు.

జనాన్ని చూసేసరికి, చూడండి, నాకు భయం పోయింది. ఎదురుగా మనుషులు. నా గొంతు తప్ప ఇంకో సద్దు లేదు. ముందు వరస లేదు, వెనక వరస లేదు, నేనొక్కణ్నే. కండ్లు మూసుకున్నా. రెండో చరణం. మూడో చరణం. చప్పట్లు కూడా వినపడినాయి. చరణాలైపోతే మళ్లీ పల్లవి. మళ్లీ మొదట్నుంచి. ఆ పాట అంత బాగా నేనెప్పుడూ పాడలేదు, ఇంక పాడను కూడా. చివర్న "నరసింహా..." అని ఊపిరున్నంతవరకూ పొడుగు తీసి, ఆపి, ఒళ్లంతా చెమటతో మెల్లగా కండ్లు తెరిచినా.

ఎద్దులు లేవు. ఎప్పుడో కాడి ఊడదీసి కొట్టానికి తోలుకుపోయినారంట. వాటి వెంబడి జనమూ పోయినారంట. కింద బాబావలి ఒక్కడే తెగిన వైరు చుట్టుకుంటాండాడు.

"అయిపాయనా మామా?" అన్నాడు.

"చప్పట్లు..." అన్నా.

"కాడి ఊడొచ్చినప్పుడు కొట్టినారులే, ఓబులేసన్నకు. దిగు, ఇంటికి పోదాం."

దిగినా. సంచిలో సామి పటం భద్రం. పట్టుపంచె సంగతి అడగొద్దండి.

ఇంక తీర్పు కాడ మళ్లీ గొడవ. నా పాటకు బండ ఎంత దూరం పోయిందంటే, చేను దాటి, గట్టు దాటి, వామి దాకా! ఓబులేసు ఎద్దులు జన్మలో అంత లాగలేదు. "గీత దాటితే ఔటు," అంటాడు ఓబులేసు. "దూరం అన్నావుగానీ దిక్కు అనలేదు గదా," అంటాడు బాబావలి. వాడికి నా మీద ప్రేమ కాదు, ఓబులేసు గెలవగూడదని. చివరికి ఎవరో ఫోన్లో తీసిన వీడియో కమిటీ ప్రెసిడెంటు దాకా పోయింది. ఆయన చూసి, మళ్లీ చూసి, ఇంట్లో అందర్నీ పిలిచి చూపించి, నాకు ఫోను చేసినాడు.

"శెట్టీ, నీ పాటే ఫస్టు! తిరునాల్లో పాడేది నువ్వే!"

నేను దేవుని మూలలో సాష్టాంగపడినా. పద్మావతి వీధంతా చక్కెర పంచింది. సాయంత్రానికి ఓబులేసు ఇంటికొచ్చినాడు. మొహం వాడిపోయి ఉంది.

"శెట్టీ, కొంప ముంచినావు. ఆరోజు నుంచి ఎద్దులు నీ పాట ల్యాకుంటే బండ కదిలించడం ల్యా. నా పాట పెడితే నా దిక్కు కోపంగా చూస్తాండాయి. తిరునాల్లో పోటీ ఉండాది. ప్రెసిడెంటుతో మాట్లాడినా. బండలాగే కాడ నిన్ను ఆఖరి గీత కాడ నిలబెడ్తాం. మైకిస్తాం. నువ్వు ఆణ్నుంచి పాడల్ల, ఎద్దులు నీ కాడికి నేరుగా రావల్ల. పాట పాడగూడదని నిబంధనల్లో యాడా ల్యా."

"మరి స్టేజీ?"

"స్టేజీ మీదికి ఎద్దులెక్కవు గద శెట్టీ!"

పద్మావతి లోపల్నుంచి అనింది: "ఒప్పుకోండి. మీ పాట కోసం ఉరుక్కుంటా వచ్చేటోళ్లు ఇద్దరైనా ఉండారు. కాళ్లు నాలుగైతే ఏం?"

ఒప్పుకున్నా. ఏం చేస్తాం, అడిగింది జనం ముందు ఒక్క పాట. సామి ఇచ్చినాడు. ఏ స్టేజీ అని అడగడం నేనే మర్చిపోయినా. మైకులో అనౌన్సుమెంటు కూడా ఖాయమైంది: ముందు ఎద్దుల పేర్లు, తర్వాత ఓబులేసు పేరు, ఆ తర్వాత "పాట సాయం, సుబ్బయ్య శెట్టి".

మీరంతా రావల్ల. గొంతు పోయేదాకా కేకలెయ్యండి, ఈలలెయ్యండి, చప్పట్లు నాకే కొట్టండి. ఒకటే మనవి: భక్తి పొంగిందని నా పక్కన నిలబడి ఎవరూ "నరసింహా" అని మాత్రం అనొద్దు. ఈసారి సంచిలో ఉలవలు ఉంటాయి, కానీ ఆ చుట్టుపక్కల వామి లేదు. నేను పోయి చూసొచ్చినా.